సోమ, బుధ, శుక్రవారాల విశ్వాసం

మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక మా సంఘంలో ఒక చెల్లి నన్ను గుడి మెట్ల దగ్గర ఆపింది. వాళ్ళాయనకు డయాలసిస్ మొదలై పది రోజులవుతోంది. "అక్కా, మోకరిస్తే మాట రావట్లేదు. మూడేళ్ళ నుంచి నువ్వెలా నెట్టుకొస్తున్నావు?" అంది. మెట్ల మీద నిలబడి అయిదు నిమిషాల్లో చెప్పే సంగతి కాదని ఇంటికి రమ్మన్నాను. వచ్చేలోపు మర్చిపోకుండా ఒక కాగితం మీద రాసుకోవడం మొదలుపెట్టాను. రాస్తూ ఉంటే పెద్దదయిపోయింది.

నేను పాస్టరమ్మను కాదు. ఒంగోల్లో జాకెట్లు కుడతాను. మా ఆయన చీమకుర్తిలో గ్రానైట్ పాలిషింగ్ పనికి వెళ్ళేవారు. బీపీ ఉందని తెలియకుండానే కిడ్నీలు రెండూ పాడయ్యాయి. ఇప్పుడు వారానికి మూడు రోజులు, సోమ, బుధ, శుక్ర, రోజుకు నాలుగు గంటలు రక్తం శుద్ధి చేసే డయాలసిస్ మిషను మీద ఉంటారు. ఆపరేషను, జ్వరం, పరీక్షల్లాంటి కష్టాలకు ఒక చివర ఉంటుంది. దీనికి లేదు. అందుకే చివర కనిపించని కష్టంలో ఉన్నవాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను.

ముందు కార్డు సంగతి చెప్పాలి. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో మా గుడిలో వాగ్దానపు కార్డులు, అంటే ఒక్కో బైబిలు వచనం రాసిన కార్డులు పంచుతారు. మా ఆయన జబ్బు బయటపడే ముందు నా చేతికి వచ్చింది యిర్మీయా ప్రవక్త గ్రంథంలోని 29:11. మీ గురించి నేను ఆలోచించేవి సమాధానకరమైనవే, హాని చేసేవి కావు అని దేవుడు చెప్పే వచనం. సంతోషంగా బీరువాకు అంటించాను. జనవరి మూడో వారంలో ఆయనకు కాళ్ళు వాచి, అన్నం సహించక, రక్త పరీక్ష చేయిస్తే క్రియాటినిన్ (కిడ్నీలు ఎంత పాడయ్యాయో చెప్పే లెక్క, ఒకటి దగ్గర ఉండాల్సింది) పదకొండు వచ్చింది. ఫిబ్రవరిలో ఒక రాత్రి ఆ కార్డు పీకేద్దామని లేచాను. పీకేముందు బైబిలు తీసి ఆ అధ్యాయం మొత్తం చదివాను. మూడేళ్ళుగా నన్ను నడిపిస్తున్నది ఆ రాత్రి చదివిందే.

పదకొండో వచనానికి పైనే పదో వచనం ఉంది. అందులో డెబ్బై ఏళ్ళు అని ఉంది. ఆ అధ్యాయం ఒక ఉత్తరం. బబులోనుకు చెరపట్టుకుపోయిన వాళ్ళకు యెరూషలేము నుంచి యిర్మీయా రాసిన ఉత్తరం. మీరిప్పట్లో రారు, కాబట్టి అక్కడే ఇళ్ళు కట్టుకోండి, తోటలు నాటుకోండి, పిల్లలకు పెళ్ళిళ్ళు చేయండి, మీరున్న పట్టణం బాగుండాలని ప్రార్థన చేయండి అని రాస్తాడు. దానికి ముందు అధ్యాయంలో హనన్యా అని ఒకడొస్తాడు. రెండేళ్ళలో అంతా సర్దుకుంటుంది, అందరూ తిరిగొచ్చేస్తారు అని దేవుడి పేరు మీద చెబుతాడు. జనానికి ఏ మాట తీపిగా ఉండి ఉంటుందో చెప్పక్కర్లేదు. అది అబద్ధం.

కార్డు పీకలేదు. దాని మీదే పెన్నుతో "29:10 కూడా" అని రాశాను.

కాబట్టి మొదటి పని ఇదే. మిమ్మల్ని పట్టుకున్న వాగ్దానం ఏదైనా సరే, దాని పైవీ కిందివీ పదేసి వచనాలు చదవండి. ఎవరితో అన్నారు, ఏ కష్టంలో అన్నారు అని చూడండి. కార్డులో పట్టేది ఒక్క ముక్కే, మనకు కావలసింది ఉత్తరం మొత్తం.

మాట రానప్పుడు

మొదటి రెండు వారాలు సొంతంగా ప్రార్థన కట్టాలని చూడకండి, రాదు. మోకరించి "ప్రభువా" అనగానే బుర్రలోకి ఆయన రక్తంలో పెరిగే పొటాషియం, ఆటో డబ్బులు, పిల్లాడి ఫీజు వచ్చేస్తాయి. ఆ రోజుల్లో మాటలు అప్పు తెచ్చుకోవాలి. కీర్తనల గ్రంథం ఉన్నదే అందుకు. 13వ కీర్తన ఆరే వచనాలు. ఎన్నాళ్ళు, ఎంతకాలం అని దేవుణ్ణి నిలదీయడంతోనే మొదలవుతుంది. రెండు నిమిషాల్లో అయిపోతుంది, గట్టిగా చదవండి.

ఇంకా బరువుగా ఉన్న రోజున 88. చాలా కీర్తనలు ఏడుపుతో మొదలై చివరికి స్తుతిలోకి వస్తాయి. 88 రాదు, చీకటి దగ్గరే ఆగిపోతుంది. మొదటిసారి చదివినప్పుడు ఒక పేజీ చిరిగిపోయిందేమో అని తిప్పి చూశాను. అలాంటి ప్రార్థన కూడా బైబిల్లో ఉండనిచ్చారంటే, నా ఏడుపును కూడా దేవుడు వింటాడన్న నమ్మకం కుదిరింది. "సణగకూడదమ్మా, స్తుతించాలి" అని ఎవరైనా అంటే ఆ కీర్తన చూపించండి.

ఉన్న పనికే కట్టేయండి

తెల్లవారుజామున నాలుగింటికి లేచి గంటసేపు ప్రార్థన చేస్తానని నేను మూడుసార్లు తీర్మానించుకున్నాను. మూడుసార్లూ వారం దాటలేదు. రోగిని చూసుకునే మనిషికి నిద్ర కూడా మందే. కొత్త టైము వెతక్కుండా ఎలాగూ చేయాల్సిన పనికి ప్రార్థనను కట్టేశాక నిలబడింది.

డయాలసిస్ వాళ్ళకు చేతిలో ఫిస్టులా వేస్తారు. రక్తనాళాలు రెండింటిని కలిపే చిన్న ఆపరేషను. దాని మీద వేళ్ళు పెడితే జుయ్‌మని అదురుతుంది, అచ్చం నా కుట్టు మిషను నడుస్తున్నట్టు. ఆ అదురు ఆగితే వెంటనే ఆసుపత్రికి పరిగెత్తాలి. కాబట్టి రోజూ పొద్దున్నే వేళ్ళు పెట్టి చూడాలి. నేను చూస్తాను. వేళ్ళు అక్కడ ఉన్నంతసేపే మా కుటుంబ ప్రార్థన. "ప్రభువా, ఇది నడుస్తోంది, వందనాలు. ఈ రోజుకు చాలు." అంతే. మూడేళ్ళలో ఒక్కరోజు తప్పలేదు, ఎందుకంటే తప్పితే ప్రాణం మీదకొస్తుంది.

మీ ఇంట్లో కష్టం వేరే ఉండొచ్చు. ఇన్సులిన్ సూది, మంచానున్న అత్తగారి పక్క దుప్పటి, కొడుకు ఉద్యోగం కోసం పొద్దున్నే ఫోను చూడటం. ఏదో ఒకటి రోజూ తప్పకుండా చేస్తారు కదా, దానికి కట్టండి. మాటలు తక్కువైనా ఫర్వాలేదు.

చదువుకోవడానికి మా లెక్క వేరు. ఒక డయాలసిస్‌కు ఒక అధ్యాయం. మార్కు సువార్తలో 16 అధ్యాయాలు, అయిదు వారాల పైచిలుకు పట్టింది. తర్వాత కీర్తనలు పట్టుకున్నాం. 150 కీర్తనలు, వారానికి మూడు, సరిగ్గా 50 వారాలు. మిషను మీద నాలుగు గంటలు ఎలా గడుస్తాయా అని భయపడే మా ఆయన, ఇప్పుడు "ఇవాళ ఎన్నోది?" అని అడుగుతారు. మొదటి గంటలో చదవాలి. మూడో గంటకొచ్చేసరికి బీపీ పడిపోయి, కాళ్ళు పిక్కలు పట్టి, ఏదీ చెవికెక్కదు.

ఎండాకాలంలో ఒకరోజు 42వ కీర్తన వంతు వచ్చింది. దుప్పి నీటివాగుల కోసం ఆశపడినట్టు అని మొదలవుతుంది. తెలియనివాళ్ళ కోసం చెబుతాను, డయాలసిస్ మనిషి ఇష్టమొచ్చినట్టు నీళ్ళు తాగకూడదు. మా ఆయనకు డాక్టరు చెప్పింది రోజుకు ఒక లీటరు, అందులోనే టీ, మజ్జిగ, చారు. ఒంగోలు ఎండ సంగతి మీకు తెలుసు. ఆయన ఐసుముక్క బుగ్గన పెట్టుకుని పగలంతా గడుపుతారు. గుడిలో ప్రభువు బల్ల ఆరాధనలో ఇచ్చే చిన్న గ్లాసు ద్రాక్షరసం కూడా మొదట్లో నీళ్ళ లెక్క రాసే నోటు పుస్తకంలో రాయించేవారు. నవ్వొచ్చేది, రాసేదాన్ని. అలాంటి మనిషికి ఆ కీర్తన చదవాలంటే గొంతు పట్టేసి దాటేయబోయాను. ఆయన కళ్ళు తెరవకుండానే "చదువు" అన్నారు. చదివాక కాసేపు ఊరుకుని, "సిలువ మీద ఆయన కూడా దాహం అన్నాడు కదా" అన్నారు. మిషనుకు ఒక్కొక్క రోగికి నాలుగు గంటల్లో 120 లీటర్ల దాకా శుద్ధి చేసిన నీళ్ళు పడతాయని టెక్నీషియన్ చెప్పాడు. తాగడానికి ఒక లీటరు దొరకని మనిషి పక్కన అంత నీరు పారుతుంటుంది. దీని మీద చాలా ప్రసంగాలు చెప్పొచ్చు. నేను చెప్పను. ఆ కీర్తన నాకన్నా ఆయనకే బాగా తెలుసు.

పక్క మంచాల కోసం

నాకు బాగా మేలు చేసింది యిర్మీయా ఉత్తరంలోని ఏడో వచనం. మీరున్న పట్టణం కోసం ప్రార్థించండి, దాని క్షేమంలోనే మీ క్షేమం ఉంది అని. మా పట్టణం అంటే ఆ డయాలసిస్ హాలే. కరెంటు పోకూడదు, నీళ్ళ ప్లాంటు ఆగకూడదు, సూది గుచ్చే నర్సు పాపకు ఆ రోజు ఇంట్లో గొడవ ఉండకూడదు. ఇవన్నీ మా క్షేమాలే. పక్క మంచాల మీద సాయిబులున్నారు, హిందువులున్నారు. నేను మంచం నంబర్ల వారీగా మనసులో ప్రార్థిస్తాను. పైకి వినిపించేలా చదివి ఎవర్నీ ఇబ్బంది పెట్టను. అయినా నాలుగో నంబరు భాయ్ ఒకరోజు "అమ్మా, మా మనవరాలి పరీక్ష, మీ దేవుడికి కూడా ఒక మాట చెప్పండి" అన్నాడు. మన కష్టం గురించే ప్రార్థించి ప్రార్థించి నోరు ఎండిపోయినప్పుడు పక్కవాళ్ళ కోసం అడిగి చూడండి, మళ్ళీ మాట వస్తుంది.

"ప్రార్థన చేయండి" అని ఊరుకోకండి

సంఘంలో అందరూ "ప్రార్థన చేస్తున్నాం అక్కా" అంటారు. నిజంగానే చేస్తారు. కానీ మనకు ఏం కావాలో వాళ్ళకు తెలియదు. మొదటి ఏడాది నేను సిగ్గుపడి ఏమీ అడగలేదు. లోపల మాత్రం ఎవరూ పట్టించుకోవట్లేదని కోపం పెంచుకున్నాను. తప్పు సగం నాదే. ఒక స్త్రీల కూడికలో ఏడుపొచ్చేసి నోరు తెరిచాను. బుధవారం సాయంత్రం ఒక్క క్యారియర్ కావాలి, ఉప్పు తక్కువ వేసి, కూరగాయలు ఉడకబెట్టి, పొటాషియం తగ్గేలా ఆ నీళ్ళు పారబోసి వండాలి అని చెప్పాను. ఇద్దరు వంతులేసుకున్నారు. ఇంకొకరి అబ్బాయి శుక్రవారం బండి మీద దింపుతాడు. అడిగేటప్పుడు రోజు, టైము, వస్తువు పేరు చెప్పండి. "ఏదైనా సాయం" అంటే ఏదీ రాదు.

చూడటానికి వచ్చేవాళ్ళకు రెండు మాటలు. బైబిల్లో అన్నీ పోగొట్టుకుని కూర్చున్న యోబు దగ్గరికి వచ్చిన స్నేహితులు ఏడు రోజులు, ఏడు రాత్రులు ఏమీ మాట్లాడకుండా అతని పక్కన నేల మీద కూర్చున్నారు. అంతవరకు చాలా బాగా చేశారు. నోరు తెరిచాకే పాడుచేశారు. రెండోది, చేతులుంచి ప్రార్థన చేసేటప్పుడు ఫిస్టులా చెయ్యి పట్టుకోకండి. ప్రేమతో గట్టిగా నొక్కుతారు. నేను ముందే ఆ చెయ్యి గోడవైపు ఉండేలా ఆయన్ని కూర్చోబెట్టి, రెండో చెయ్యి ఇవ్వమంటాను.

హనన్యాలు

ఇది కొంచెం కష్టమైన భాగం. ఆరో నెలలో ఒక స్వస్థత కూటానికి వెళ్ళాం. నూనె రాశారు, ప్రార్థన చేశారు. దానికి అభ్యంతరం లేదు, పెద్దల్ని పిలిచి నూనె రాయించుకొమ్మని బైబిల్లో యాకోబు రాసిన పత్రికలోనే ఉంది. కానీ ఆ ప్రసంగీకుడు "నమ్మితే మిషను వదిలేయ్" అన్నాడు. మా ఆయన నమ్మారు. నేను ఆపలేదు, ఆపితే నా అవిశ్వాసం వల్లే స్వస్థత రాలేదంటారని భయం. సోమవారం మానేశాం, బుధవారం మానేశాం. గురువారం రాత్రి ఆయనకు ఊపిరి ఆడలేదు, ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. అర్ధరాత్రి అత్యవసరంగా డయాలసిస్ చేసి బతికించారు. తర్వాత ఆ కూటంవాళ్ళు ఫోన్ చేయలేదు.

ఆ తర్వాత మా ఇంట్లో ఒక లెక్క పెట్టుకున్నాం. తారీఖు చెప్పి, డబ్బు అడిగి, మందు మానమనేవాళ్ళ పేరు హనన్యా. టీవీలో వచ్చినా, ఇంటికొచ్చినా సరే. మా ఆయనైతే ఇప్పుడు "హనన్యాగారొచ్చారు" అని నవ్వుతారు. అపొస్తలుడు పౌలు దేవుణ్ణి మూడుసార్లు బతిమాలినా, శరీరంలో ముల్లు అని ఆయన చెప్పుకున్న బాధ పోలేదు. శిష్యుడు తిమోతికి కడుపు బాగోకపోతే అదే పౌలు వట్టి నీళ్ళు మానేసి కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమని సలహా రాశాడు, విశ్వాసం తక్కువైందని తిట్టలేదు. "మీ ఇంట్లో ఏదో పాపం ఉంది" అనేవాళ్ళకు యోహాను సువార్త 9వ అధ్యాయం చూపించండి. పుట్టుగుడ్డివాణ్ణి చూసి ఎవరి పాపం అని శిష్యులు అడిగితే, వీడిదీ కాదు, వీడి తల్లిదండ్రులదీ కాదు అన్నాడు ప్రభువు.

స్వస్థత కోసం ప్రార్థన మానేశానా అంటే, మానలేదు. రోజూ అడుగుతాను. అడిగి, ఆటో ఎక్కుతాను.

డబ్బు

ఆరోగ్యశ్రీ (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ అంటున్నారు) కింద డయాలసిస్‌కు డబ్బు కట్టక్కర్లేదు. కిడ్నీ రోగులకు ప్రభుత్వ పింఛను ఉంది, సచివాలయంలో అడగండి. సిగ్గుపడకండి. అయినా మందులు, ఆటోలు, ఆయన కూలి పోవడం, అన్నీ కలిసి నా గాజులు తాకట్టులోకి వెళ్ళాయి. మొదటి ఏడాది గాజులు తాకట్టు పెట్టిన డబ్బులోంచి కూడా కానుక వేశాను, దేవుడికి బాకీ పడకూడదని. అది భక్తి అనుకున్నాను, నిజానికి అది భయం. మా పాస్టరుగారికి తెలిసి, "అప్పు చేసి కానుక వేయొద్దమ్మా, ఇప్పుడు సంఘమే మీకివ్వాలి" అన్నారు. అలా అనే కాపరి ఉంటే అదృష్టమే. లేకపోతే మీకు మీరే అనుకోండి.

ఈ విషయంలో మా ఊరి కథ ఒకటి నాకు ధైర్యం. 1876లో మొదలైన ధాత కరువు గురించి మా నాయనమ్మ వాళ్ళ పెద్దలు చెప్పగా విన్నది చెప్పేది. అప్పుడు ఒంగోల్లో బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర ఉండేవారు. జనం ఆకలితో చస్తుంటే ఆయన బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళు తవ్వే కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించారు. తవ్వి తవ్వి కూర్చున్నప్పుడు బోధకులు వాళ్ళ మధ్యకొచ్చి, ప్రయాసపడి భారం మోసేవాళ్ళారా నా దగ్గరికి రండి అన్న ప్రభువు మాట చెప్పేవారట. ఇంకో సంగతి, కరువు సాయం నడుస్తున్నంతకాలం క్లౌ దొర బాప్తిస్మాలు ఆపేశారు, కూటి కోసం ఎవరూ రాకూడదని. సాయం అయిపోయాక, 1878 జూలై 3న, గుండ్లకమ్మ ఏటి ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ సంఖ్య మా సండేస్కూలు పిల్లలందరికీ నోటికొస్తుంది. నాకు మాత్రం సంఖ్య కన్నా వరుస ముఖ్యం. ముందు కూలి, ముందు గంజి. మతం మాట తర్వాత. కష్టంలో ఉన్న ఇంటికి వెళ్ళేవాళ్ళు ఆ వరుస తప్పకూడదు.

ఏమీ చేయలేని రోజు

ఉంటుంది. నాకు శుక్రవారాలు ఉపవాస ప్రార్థన అలవాటు. డయాలసిస్ రోజే ఉపవాసం పెట్టుకుని, ఒకసారి ఆసుపత్రి మెట్ల మీద కళ్ళు తిరిగి పడ్డాను. ఇప్పుడు ఆ రోజు కడుపునిండా తిని వెళ్తాను. ఉపవాసం ఆదివారం రాత్రి ఒక్కపూట. రోగి అయితే డాక్టర్ని అడగకుండా ఉపవాసం జోలికి వెళ్ళనే కూడదు.

ఏలీయా ప్రవక్త ఇక చాలు, నా ప్రాణం తీసుకో అని చెట్టు కింద పడుకుంటే దేవదూత వచ్చి ప్రసంగం చేయలేదు. రొట్టె, నీళ్ళు పెట్టి లేపాడు. తిని మళ్ళీ పడుకున్నాడు. మళ్ళీ లేపి మళ్ళీ తినమన్నాడు. దేవుడు మాట్లాడింది ఎన్నో రోజుల తర్వాత. గుడికి వెళ్ళలేకపోయిన ఆదివారం నేను ఆ భాగం గుర్తుచేసుకుని పడుకుంటాను. రెండు రోజులు దాటినా తినాలనిపించకపోతే, నిద్ర పట్టకపోతే, చచ్చిపోవాలనిపిస్తే మాత్రం అది ఒంటరిగా ప్రార్థనతో దాటేది కాదు. అదే రోజు ఇంట్లో ఒకరికి చెప్పి డాక్టరు దగ్గరికి వెళ్ళండి. మనసుకు వేసుకునే మాత్ర కూడా బీపీ మాత్రలాంటిదే.

కోపం వచ్చిన రోజు కోపంగానే ప్రార్థన చేయండి. నేనైతే కుట్టు మిషను తొక్కుతూ చేస్తాను. దారం తెగుతుంది, ఎక్కించుకుని మళ్ళీ తొక్కుతాను. ఆ రోజు కుట్టిన జాకెట్లకు కుట్లు గట్టిగా పడతాయని మా అమ్మాయి అంటుంది.

ఆ చెల్లి నిన్న సాయంత్రం వచ్చింది. ఇదంతా చదివి వినిపించలేదు. టీ పెట్టిచ్చి, మా నోటు పుస్తకం చూపించాను. ఒకవైపు ఆయన బరువు, తాగిన నీళ్ళు, ఇంకోవైపు ఆ రోజు చదివిన కీర్తన నంబరు. మొన్న శుక్రవారం 118. ఇది రెండో విడత. ఆమె పేజీలు తిప్పుతుంటే మా ఆయన మంచం మీంచి, "రేపు 119 కదా, 176 వచనాలు" అన్నారు.

"పొడుగైతే సగం చదివి ఆపుదాంలెండి" అన్నాను.

"ఎందుకు? నాలుగు గంటలు ఉంది కదా" అన్నారు.